నూట నలభై మూడు పుట్టినరోజులు

లక్సెట్టిపేట బస్టాండులో దిగి సలీమా ఇల్లెక్కడ అని అడిగితే ఏ సలీమా అని ఎదురు అడుగుతారు. పిల్లల్ని కొలిచే సలీమా అంటే మాత్రం ఆటోవాళ్లు కూడా సందు చూపిస్తారు. పదహారేళ్లుగా ఆమె బతుకుదెరువు అదే. బళ్ల వెంట తిరిగి పిల్లల ఎత్తు కొలవాలి, బరువు తూచాలి, వేలికి సూది గుచ్చి నెత్తురు చుక్క తీయాలి, రెండో తరగతి పుస్తకంలోంచి నాలుగు వాక్యాలు చదివించి ఎవరు ఎక్కడ ఆగిపోయారో రాసుకోవాలి. ఆ అంకెలు హైదరాబాదుకో ఢిల్లీకో పోతాయి. పెద్ద చదువులవాళ్లు వాటిని కూడి, తీసి, భాగించి పరిశోధన అంటారు. సలీమాకు మాత్రం దాని పేరు మోకాళ్ల నొప్పి.

నొప్పికి మూలం ఎత్తు కొలిచే బోర్డు. రెండు మడతల చెక్క. భుజానికి తగిలించుకుంటే నడిచినంతసేపూ పక్కటెముకను పొడుస్తూనే ఉంటుంది. బస్సెక్కితే కండక్టరుతో తగువు. "అవ్వా, గా తలుపు ఏడ పెడ్తవ్?" అంటాడు కొత్తగా వచ్చిన కండక్టరు. పాతవాళ్లు ఏమీ అనరు, డ్రైవరు వెనక చోటు చూపిస్తారు. బడి గేటు దగ్గర ఆ బోర్డు కనబడగానే పిల్లలు "సూది మేడం వచ్చింది" అని అరుచుకుంటూ పత్తి చేలల్లో పడి పరుగు. వాళ్లను బుజ్జగించి పట్టుకొచ్చే ఓపిక ముప్పై ఏళ్లప్పుడు ఉండేది. నలభై ఆరేళ్లకు ఆ ఓపిక ఎక్కడిది?

ఎన్ని చూసింది! నులిపురుగుల మందు మింగిస్తే పిల్లలు బడికి ఎక్కువ రోజులు వస్తారా అని ఒక పరిశోధన. ఐరన్ గోళీలు ఇస్తే లెక్కలు ఒంటబడతాయా అని ఇంకొకటి. కళ్లద్దాలు ఇస్తే ఏమవుతుంది, చేతులు కడిగిస్తే ఏమవుతుంది, గోండు పిల్లలకు గోండీలో కథలు చెబితే ఏమవుతుంది. ప్రతిదానికీ ఒక కొత్త సంచి, ఒక కొత్త టోపీ, తెలిసిందే మళ్లీ చెప్పే మూడు రోజుల శిక్షణ. చివరికి తేలేది చాలాసార్లు కొండను తవ్వి ఎలుకను పట్టిన సంగతే. కడుపు మాడే పిల్లకు చదువు ఎక్కదని చెప్పడానికి నాలుగేళ్లూ నలభై మంది మనుషులూ ఎందుకని మొదట్లో నవ్వుకునేది. తర్వాత నవ్వడం మానేసింది. తల్లి చెబితే ఏ ఆఫీసూ వినదు, అంకె చెబితే వింటుంది. అందుకని అంకె సరిగ్గా ఉండాలని మాత్రం పట్టుబట్టేది.

ఆమెకొక విద్య ఉంది. దాని కోసమే ప్రతి ప్రాజెక్టువాళ్లూ ఫోన్ చేసి మరీ పిలిచేవాళ్లు. సలీమాకు వయసు అడగడం తెలుసు. ఇదేం విద్య అనుకుంటారేమో. కింద పెద్దపల్లి వైపు, లక్సెట్టిపేట వైపు పిల్లలకు ఆస్పత్రి కాగితాలు ఉంటాయి. జైనూర్ దాటి గుట్టల్లోకి పోతే ఇంట్లో పుట్టిన పిల్లలు ఎందరో, కాగితం ఎవరికీ ఉండదు. బడి రిజిస్టరు తెరిస్తే ఊరు ఊరంతా జూన్ నెలలోనే పుట్టినట్టు ఉంటుంది. పిల్లను చేర్చుకున్న రోజు నుంచి సారు ఐదేళ్లో ఆరేళ్లో వెనక్కి లెక్కేసి రాస్తాడు మరి. అది నమ్మడమంటే దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టే. వయసు తప్పితే అంతా తప్పుతుంది. ఐదేళ్ల పిల్లకు ఫరవాలేదనిపించే ఎత్తు, ఏడేళ్ల పిల్లకైతే గిడసబారిన ఎత్తు.

అందుకని సలీమా ఎప్పుడు పుట్టింది అని అడగదు. నొప్పులొచ్చిన రోజు ఏం పని మీదున్నవ్ అని అడుగుతుంది. ఇప్పపూలు ఏరుతున్నప్పుడా, పత్తి ఏరుతున్నప్పుడా? నాగోబా జాతరకు బండ్లు కట్టకముందా, తర్వాతా? ఏ తల్లీ ఆ రోజు చేస్తున్న పని మరిచిపోదు. నెల దొరికాక ఏడు దొరకాలి. తెలంగాణ వచ్చిన ఏడా, పెద్ద నోట్లు బంద్ అయిన ఏడా? లాక్‌డౌన్ నాటికి పిల్ల పాకుతున్నదా, నడుస్తున్నదా? ఒక్కో తల్లితో అరగంట, ఒక్కోసారి గంట. చాయ్ తాగాలి, చెట్టుకింద కూర్చోవాలి, అత్తమీద ఫిర్యాదులు వినాలి. అప్పుడు గానీ ఒక తేదీ చేతికి రాదు.

జావ సంగతి కరోనా తగ్గి బళ్లు తెరిచాక మొదలయ్యింది. ఆ పరిశోధన డాక్టర్ ప్రణతిది. కరీంనగర్ మనిషి, భూములున్న ఇంటి బిడ్డ, హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో పిల్లల డాక్టరు. ముప్పై ఐదేళ్లుంటాయి. సలీమక్కా అని నోరారా పిలిచేది, వయసుల దగ్గర ఎవరికి అనుమానం వచ్చినా "సలీమక్కను అడుగుండ్రి" అనేది. నలభై బళ్లు ఎంచుకున్నారు. చీటీలు తీసి ఇరవై బళ్లలో పొద్దున ప్రార్థన కాగానే ఒకటి నుంచి మూడో తరగతి పిల్లలకు గ్లాసెడు జావ పోశారు. రాగి, జొన్న, బెల్లం, పల్లీల పొడి. మిగతా ఇరవై బళ్లలో ఏమీ లేదు. రెండేళ్లయ్యాక పిల్లల ఎత్తూ చదువూ పోల్చి చూడాలి. తేడా కనబడితే గుట్టల్లోని బళ్లన్నిటికీ జావ ఇస్తామని పై అధికారులు అన్నారు. కనబడకపోతే ఉన్న ఇరవైలోనూ బంద్.

జావ పోసే బళ్లలో పదకొండు గుట్టల మీదివి. ఆ పదకొండూ సలీమావే. జావ లేని మూడు బళ్లు కూడా ఆమెకే ఇచ్చారు. ఆ మూడు ఊళ్లలో తల్లులు అడిగేవాళ్లు, మా పోరగాళ్లు ఏం పాపం చేసిండ్రు అని. చీటీల రాలేదమ్మా అని చెప్పి తలవంచుకుని కొలిచేది. ఆ మాట చెప్పీ చెప్పీ ఆమెకు నోరు చేదెక్కింది.

చివరి కొలతలు రెండో ఏడు ఫిబ్రవరిలో వచ్చాయి. పాత పిల్లల వయసులు మొదటి విడతలోనే ట్యాబ్‌లో ఎక్కాయి. వాళ్ల తల్లుల్ని సలీమా ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగింది. మిగిలింది మధ్యలో చేరిన కొత్త పిల్లలు. జావ లేని మూడు ఊళ్లలో కొత్తవాళ్లు నలుగురైదుగురే, వాళ్ల తల్లులు దొరికారు. జావ పోసే పదకొండు ఊళ్లలో కలిపి నూట నలభై మూడు మంది. పత్తి చివరి ఏరుడు, శనగ కోతలు. తల్లులు పొద్దుగూకేదాకా చేలల్లోనే. వాళ్లకోసం ఆగితే ఆఖరు బస్సు పోతుంది. మోకాళ్లు ఉబ్బి చెప్పులు కూడా సరిగ్గా పట్టని రోజులవి. మొదటి ఊళ్లో రేపు వచ్చి అడుగుదాం అనుకుంది. రేపటికి ఇంకో ఊరు ఉంది.

ట్యాబ్‌లో వయసు కింద మూడు గళ్లు ఉంటాయి. పుట్టిన సర్టిఫికెట్ చూశాను. తల్లిని అడిగాను. బడి రిజిస్టరు చూశాను. మూడో గడి నొక్కితే ఎందుకు అని అడుగుతుంది, ఫొటో పెట్టమంటుంది, సాయంత్రం ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది. సలీమా రిజిస్టరులోని జూన్ తేదీలు చూసి ఎక్కించి, తల్లిని అడిగాను అనే గడి నొక్కింది. మొదటి పిల్లకు చెయ్యి ఆగింది. ఇరవయ్యో పిల్లకు ఆగలేదు. అలసిపోయింది, అంతే. దానికి ఇంకో అందమైన పేరు పెట్టనక్కర్లేదు.

ఏప్రిల్ చివర్లో ప్రణతి కొలతలు తీసినవాళ్లందరినీ కరీంనగర్ పిలిపించింది. అద్దెకు తీసుకున్న హాలు, పైన ఫ్యాన్లు, తెర మీద రెండు గీతలు. ఒకటి జావ పోసిన బళ్లది, ఇంకొకటి పోయనివాటిది.

"జావ తాగిన పిల్లలే పొట్టిగ ఉన్నరు," అంది ప్రణతి. ఆమె కళ్లకింద నల్లగా ఉంది. "చదువుల గూడ వాళ్లే కింద ఉన్నరు. జావ పోస్తే నష్టమైందని వస్తుంది లెక్క. ఎట్లయితదో నాకు సమజ్ అయితలేదు."

తలా ఒక మాట అన్నారు. నీళ్లు మంచివి కావేమో, జావ తాగొచ్చారని ఇంట్లో అన్నం పెట్టడం లేదేమో. ప్రణతి సలీమా వైపు తిరిగింది. "గుట్టల మీది బళ్లల్లనే మస్తు తేడా ఉంది సలీమక్కా. నువ్వు చూసినవ్ గదా. జావ రోజూ పోసిండ్రా?"

"పోసిండ్రు మేడం."

అది నిజమే. కానీ ఆ మాట అంటున్నప్పుడే సలీమా తెర మీది రెండు గీతల్నీ మళ్లీ చూసింది. గుట్టల మీది బళ్లు. కొత్త పిల్లలు. జూన్ తేదీలు.

"మే నెలాఖరుకు రిపోర్టు పోవాలె," అంది ప్రణతి అందరితో. "గిట్లనే పోతే జూన్ నుంచి జావ బంద్. ఇంకో పదేండ్లు ఎవ్వరూ జావ ఊసెత్తరు."

ఆ సాయంత్రం ఇంటికొచ్చి సలీమా భర్తకు చెప్పింది. రజాక్‌ది దర్జీ పని, బళ్ల యూనిఫారాలు కుడతాడు. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది దక్కనీ. ఇక్కడ మనం తెలుగులో చెప్పుకుందాం. రజాక్ మొత్తం విని మిషను మీది గుడ్డ పక్కన పెట్టాడు.

"నేను కొలత తీసేటప్పుడు వయసు అడుగుతనా? పిల్లను చూస్త," అన్నాడు.

"మీది అంగీ. అడ్డం దిడ్డం అయితే విప్పి కుడ్తరు."

"మరి నీది గూడ విప్పు."

"విప్పితే నా పని పోతది. టిక్కులు ఉత్తగ పెట్టే మనిషని ఒక్కపారి పేరొస్తే మళ్లీ ఎవ్వరన్న పిలుస్తరా? పదహారేండ్ల పేరు."

రజాక్ పక్కన పెట్టిన గుడ్డను మడత పెట్టాడు. అతనికి భార్య సంపాదన ఎంత అవసరమో ఇద్దరికీ తెలుసు. "నువ్వొక్కదానివే పెట్టినవా టిక్కు? అందరూ పెట్టే ఉంటరు. తిలాపాపం తలా పిడికెడు," అన్నాడు చివరికి. ఆ మాటలో ఓదార్పు ఉంది గానీ సలీమాకు ఆనలేదు. ముందు అసలు సంగతేమిటో ఊళ్లోనే తేల్చుకుందామని మూడో రోజు పొద్దున బోర్డు లేకుండా గుట్టలెక్కే బస్సెక్కింది.

సక్కుబాయి ఇంటి ముందు పందిరి కింద తునికాకు కట్టలు కడుతున్నది. గోండు మనిషి, ముప్పై ఏళ్లుంటాయి. పెద్ద కూతురు మూడో తరగతి. చిన్నది మారుబాయి, కొత్తగా చేరినవాళ్లలో ఒకతి. ఫిబ్రవరిలో నూటరెండు సెంటీమీటర్లు కొలిచింది సలీమా. రిజిస్టరు ప్రకారం అప్పటికి ఆరేళ్ల ఎనిమిది నెలలు.

"చిన్నది పుట్టినప్పుడు ఏం పని మీదున్నవ్ బాయి?" అని అడిగింది సలీమా కట్ట ఒకటి చేతిలోకి తీసుకుంటూ.

"పనెక్కడిది? దండారి ఆడుతుండిరి," అని నవ్వింది సక్కుబాయి. "ఇంటాయన గుస్సాడీ వేషం కట్టిండు. నెమలీకల టోపీ దించేదాక పిల్లను ముట్టనన్నడు. ఆరు దినాలు దూరంకెల్లే చూసిండు."

దండారి అంటే గోండుల ఆటల పండుగ, దీపావళి ముందరి రోజులు. "నోట్లు బంద్ అయినంకనా?"

"అయినంక రెండో దండారి. ఓట్లకు జీపులు తిరుగుతుండె."

"లాక్‌డౌన్‌కు నడుస్తుండెనా?"

"గప్పుడప్పుడే. రెండడుగులేసి కూలబడేది."

సలీమా లెక్క వేసుకుంది. ఫిబ్రవరి నాటికి ఐదేళ్ల మూడు నెలలు. ఏడాదిన్నర తేడా. ఐదేళ్ల పిల్లకు నూటరెండు అంటే కాస్త తక్కువే, కానీ గిడసబారిన పిల్ల కాదు. ఆరున్నర దాటిన పిల్ల అన్నారు కనుక గిడసబారింది.

"గింత చిన్నదాన్ని బడిల ఎందుకేసినవ్ బాయి?"

"నేనెక్కడేసిన? పెద్దది జావ తాగొచ్చి తియ్యగుంటదని చెప్పింది. చిన్నది గిన్నె పట్టుకొని ఎంబడి పడ్డది. పేరు లేనోళ్లకు పొయ్యద్దని సారుకు రూలట. రెండు దినాలు ఉత్త గిన్నెతోని తిరిగొచ్చింది. నేనే పోయి పేరు రాసుకొమ్మని మొక్కిన." సక్కుబాయి చెయ్యి ఆగింది. "ఏం బాయి, తప్పయిందా?"

సలీమా లేదని తల ఊపింది. ఇంతకన్న తేటగా ఏ పరిశోధన చెబుతుంది? జావ ఉన్న బడికే చిన్న పిల్లలు వచ్చారు, జావ ఉన్నందుకే వచ్చారు. ఆకలితో వచ్చినవాళ్ల వయసు పెంచి రాశారు. పెంచి రాసిన వయసుతో పోల్చి చూస్తే వాళ్లు పొట్టివాళ్లు, చదువు రానివాళ్లు. జావకు చెడ్డపేరు తెచ్చింది ఆ జావ కోసం గిన్నె పట్టుకుని నిలబడ్డ పిల్లలే.

బడిలో సాయిచంద్ సారు వేసవి సెలవుల్లో కూడా ఏవో కాగితాలు రాసుకుంటున్నాడు. ఐదు తరగతులకూ అతనొక్కడే సారు. సలీమా సంగతి చెబితే ముఖం పాలిపోయింది, కానీ బుకాయించలేదు.

"రాసింది నేనే మేడం. గిన్నె పట్టుకొని నిలవడ్డ పిల్లను పో అంటనా? ఆరేండ్లని రాసిన, ఒకటో తరగతిల కూసవెట్టిన. దాచుదామని గాదు. మీరు తల్లులను అడుగుతరని తెలుసు గద, ఎట్లయినా మీ లెక్కల అసలుదే ఉంటదనుకున్న. గీ పారి మీరు అడగలే."

మీరు అడగలే. ఆ రెండు మాటలూ సలీమాకు బస్సులో దారంతా వినబడుతూనే ఉన్నాయి. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అమ్మలు చెప్పడానికి సిద్ధంగానే ఉన్నారు, అడగవలసిన మనిషికే ఓపిక లేకపోయింది. తన మీద తనకు అసహ్యం వేసింది. ఆ అసహ్యం కన్నా, ఇప్పుడు మళ్లీ పదకొండు ఊళ్లూ తిరగాలన్న నీరసం ఎక్కువగా ఉందని ఒప్పుకోవలసి వచ్చినందుకు సిగ్గు కూడా వేసింది.

పన్నెండు రోజులు తిరిగింది. ఎవరూ పంపలేదు, ఎవరికీ చెప్పలేదు. మే ఎండలో మధ్యాహ్నాలు తల్లులు ఇళ్ల దగ్గరే ఉంటారు, అదొక్కటే కలిసొచ్చింది. పదకొండు బళ్లలో తొమ్మిదింట ఇదే కథ. ఏ సారూ ఇంకో సారును అడిగి చేసింది కాదు. నూట నలభై మూడు మంది తల్లుల్నీ, తల్లి లేనిచోట అమ్మమ్మల్నీ కూర్చోబెట్టి అడిగింది. ఒకామె మక్కజొన్న కంకులు విరుస్తుంటే కన్నది. ఒకామె పుష్కరాలకు పోయిన వదినె తిరిగి రాకముందే కన్నది. నూట పదిహేడు మంది పిల్లల వయసు రిజిస్టరులో ఏడాదికి పైగా ఎక్కువ ఉంది. ఆఖరి రోజు ఎండదెబ్బ తగిలి ఒక ఊరి ఆశా కార్యకర్త ఇంట్లో పడుకోవలసి వచ్చింది. లేచాక మిగిలిన నలుగురినీ అడిగే దిగింది.

కరీంనగర్‌లో ప్రణతి ఆమెను చూడగానే "రా సలీమక్కా, కూసో," అంది. సలీమా కూర్చోలేదు. నిలబడే చెప్పింది. టిక్కుల సంగతి ముందు, జావ సంగతి తర్వాత. అట్లా కాకుండా తిప్పి చెప్పి ఉంటే కొంత తేలికయ్యేదేమో, కానీ దారిలోనే ఆ వరసలో చెప్పాలని అనుకుని వచ్చింది. రాసుకొచ్చిన కాగితాలు బల్ల మీద పెట్టింది.

ప్రణతి కాగితాలు ముట్టుకోలేదు. "ఎన్ని టిక్కులు?" అంది.

"నూట నలభై మూడు."

"మొదటి విడతల?"

"ఒక్కటి గూడ లేదు మేడం. అల్లా మీద ఆన."

"ఆన మీద నడవదు సలీమా గారూ."

రెండేళ్ల పరిచయంలో ప్రణతి ఆమెను గారూ అనడం అదే మొదటిసారి. మర్యాద అంత గట్టిగా కొడుతుందని సలీమాకు తెలియదు.

"మీరు గిప్పుడు తెచ్చినవి నేను తీసుకోరాదు," అంది ప్రణతి. గొంతు కోపంగా లేదు, అలసిపోయినట్టుంది. "ఫలితం ఏమొచ్చిందో ఎరికయినంక, ఒకపారి ఉత్త టిక్కు పెట్టిన మనిషే మళ్లీ పోయి తెచ్చిన వయసులు. ఎవరు నమ్ముతరు? నేనే గనక ఇంకొకరి పేపర్ల గిది చూస్తే అవతల పారేస్త."

"నిజమైతే నిజమే గద మేడం."

"నిజమే కావచ్చు. నాకు నమ్మకమే. నా నమ్మకం లెక్కలకు రాదు." ప్రణతి కళ్లు మూసుకుని తెరిచింది. "మీ పద్నాలుగు బళ్లూ తీసెయ్యాలె. మంచిగ చేసినయి, చెయ్యనియి, రెండేండ్లయి అన్నీ. రిపోర్టు ఆపుత. కొత్తోళ్లను పంపి మళ్లీ కొలిపిస్త, మళ్లీ అడిగిస్త. అప్పటిదాక జావ బంద్ పెట్టొద్దని పైన మొక్కుకుంట. మీరు ఇగ రావద్దు."

సలీమా సరే అంది. ట్యాబ్, బోర్డు, తూకం మిషను మరుసటి రోజు ఆఫీసుకు చేర్చింది. భుజం తేలికయ్యింది, అయినా నడుస్తుంటే ఒక పక్కకు ఒరిగే నడిచింది.

సంగతి ఎట్లా పాకిందో పాకింది. ఆ ఏడు ఏ ప్రాజెక్టువాళ్లూ ఫోన్ చేయలేదు. ఒకరిద్దరికి తానే చేసి చూసింది, చెప్తాం అన్నారు. జూన్‌లో యూనిఫారాల కాలం కనుక రజాక్ దుకాణంలోనే ఒక మూల కూర్చుని గుండీలు కుట్టడం మొదలుపెట్టింది. బడికి పోయే పిల్లలు దుకాణం ముందు నుంచి పోతుంటే ఎవరు ఎన్నేళ్లవాళ్లో మనసులో అనుకోకుండా ఉండలేకపోయేది. ఎవరైనా సక్కుబాయి ఊరివైపు నుంచి వస్తే జావ పోస్తున్నారా అని ఒక్కటే అడిగేది. పోస్తున్నారనేవాళ్లు. ఆ మాట మీద రెండు రోజులు గడిచేవి.

ఏడాది దాటాక ఒక మధ్యాహ్నం ప్రణతి ఫోన్ చేసింది.

"లెక్క వచ్చింది," అంది ప్రణతి. "జావ పోసిన బళ్లల్ల పిల్లలు వయసుకు తగ్గట్టు చూస్తే సెంటీమీటరు దగ్గర దగ్గర ఎక్కువున్నరు. నిమిషానికి నాలుగు మాటలు ఎక్కువ చదువుతుండ్రు. చిన్న తేడానే. కానీ ఉంది. గుట్టల మీది బళ్లన్నిటికీ ఇస్తమన్నరు."

సలీమా చేతిలో సూది అట్లాగే ఉండిపోయింది. "అల్హమ్‌దులిల్లా," అంది.

"ఇంకో ముచ్చట. మీరప్పుడు తెచ్చిన కాగితాలు నేను పారెయ్యలే. కొత్తోళ్లు అడిగి తెచ్చిన వయసులతోని పోల్చి చూసిన. నూట నలభై మూడుల నూట ముప్పై ఎనిమిది సరిపోయినయి."

"మిగిలిన అయిదు?"

ప్రణతి నవ్విందో ఏడ్చిందో తెలియని చప్పుడు చేసింది. "నెల, రెండు నెలలు తేడా. ఎవరిది తప్పో ఎవరికెరిక?"

"వాళ్లదే," అంది సలీమా. తర్వాత అడిగింది, "గది మీ పేపర్ల రాస్తరా?"

"రాయరాదు. మీ బళ్లు మళ్లీ ఎందుకు కొలిపిచ్చినమో గది మాత్రం రాయాలె. గందుకే ఫోన్ చేసిన. చదువుతా వినుండ్రి." ప్రణతి ఇంగ్లీషులో ఉన్నదాన్ని మెల్లగా తెలుగు చేసి చెప్పింది. "తల్లులను అడగకుండానే అడిగినట్టు నమోదు చేశానని ఒక పరిశీలకురాలు ఒప్పుకున్నందున, ఆమె సేకరించిన పద్నాలుగు బడుల వివరాలన్నీ తొలగించి, కొత్తగా సేకరించాము."

పదహారేళ్లలో ఎన్ని వేల మంది పిల్లల్ని కొలిచిందో సలీమాకే లెక్క లేదు. ఆ కొలతల మీద ఎన్నో పుస్తకాలు అచ్చయ్యాయి, ఎందరికో డాక్టర్ పట్టాలు వచ్చాయి. వాటిలో ఎక్కడా ఆమె గురించి ఒక్క ముక్క లేదు. అచ్చులోకి ఎక్కుతున్న మొదటి ముక్క ఇదే.

"పేరు లేదు సలీమక్కా," అంది ప్రణతి గబగబా. "అయినా తెలిసినోళ్లకు తెలుస్తది. మీరు సరేనంటే జర మెత్తగ రాస్త. కొన్ని ఇబ్బందుల వల్ల మళ్లీ కొలిచినం అని రాయొచ్చు. గట్ల చానమంది రాస్తరు."

మిషను ఆపి రజాక్ ఆమె వైపే చూస్తున్నాడు.

"వద్దు మేడం," అంది. "గట్లనే ఉండనియ్యుండ్రి. అడగకుంటనే అడిగిన అని రాసిన, పోయి ఒప్పుకున్న. రెండూ నేనే చేసిన. మెత్తగ రాస్తే రెండోది గూడ పోతది."

సలీమా ఫోన్ పెట్టేసింది. ఏమన్నదని రజాక్ అడిగాడు. చెబుదామనుకుంది గానీ ఏడుపు వచ్చింది, ఏడాదిగా రానిదంతా ఒక్కసారే వచ్చింది.